ఘర్షణ నెరుగని ద్రవము

బిందెను వంచినచో నీరు గలగల పారును. నూనెజాడీని వంచినచో నూనె కొంత నిదానముగా జారును. ఆముదమునకు ఇంకను ఎక్కువసేపు పట్టును. తేనెసీసాను వంచి, తేనె చెంచాలోనికి దిగువరకు వేచియుండుటకు కొంత ఓర్పే కావలెను. ద్రవములన్నియు పారునవే, కాని ఏ ద్రవమును అడ్డు లేకుండ పారదు. ద్రవములోని ఒక పొర మరియొక పొరను పట్టి వెనుకకు లాగుచుండును. పాత్ర గోడ తనను తాకిన పొరను కదలనీయదు. ద్రవమునకు గల ఈ లోపలి పట్టునే శాస్త్రజ్ఞులు స్నిగ్ధత అందురు.

నేను కళాశాలలో భౌతికశాస్త్రము చదువుకొన్న దినములలో మాచేత చేయించిన ప్రయోగములలో నీటి స్నిగ్ధతను కొలుచుట ఒకటి. సన్నని గాజునాళికను బల్లపై అడ్డముగా అమర్చి, దాని గుండ నీటిని పారించి, నియమితకాలములో ఎంత నీరు చేరినదో తూచెడివారము. నాళిక సన్నగిల్లిన కొలది నీరు చేరుట తగ్గిపోవును. అదియు సామాన్యముగా కాదు. నాళిక వ్యాసము సగమైనచో ప్రవాహము సగము కాక, పదునాఱవ వంతునకు పడిపోవును. ఆ సూత్రమును వల్లించి పరీక్షలో వ్రాసితిని. దానిని లక్ష్యపెట్టని ద్రవము ఒకటి ఈ లోకమున ఉన్నదని నాకప్పుడు తెలియదు.

ఆ ద్రవము హీలియము. నేటి ప్రసంగము దానిని గూర్చియే. దాని చేష్టలు వింతయైనవి. అంతకంటె వింత యేమనగా, అవి ముప్పది సంవత్సరములపాటు మహాపండితుల కన్నుల యెదుట జరుగుచుండియు గుర్తింపబడకుండుట.

హీలియము కథకు మన తెలుగునేలతో ఒక సంబంధము కలదు. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. దానిని పరిశీలించుటకు ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు గుంటూరునకు వచ్చెను. మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నమున విడిది చేసెను. గ్రహణసమయమున సూర్యబింబము అంచున లేచు జ్వాలల వెలుగును విడదీసి చూడగా, ప్రకాశవంతములైన రేఖలు కనిపించెను. వానిలో పసుపుపచ్చని రేఖ ఒకటి ఉండెను. అది సోడియమునకు చెందినదని పలువురు తలచిరి. ఆ సంవత్సరము అక్టోబరులో ఇంగ్లాండున లాకియర్ గ్రహణము లేకుండనే ఆ రేఖను పరిశీలించి, అది సోడియము రేఖకు సరిపోలదని గ్రహించెను. భూమిపై ఎవరును ఎరుగని మూలకము సూర్యునిలో ఉన్నదని తలచి, గ్రీకుభాషలో సూర్యుని పేరును బట్టి దానికి హీలియమని నామకరణము చేసిరి. వస్తువు చేతికి దొరకుటకు ముందే పేరు వచ్చెను. 1895లో రామ్సే అను రసాయన శాస్త్రజ్ఞుడు యురేనియము గల ఒక ఖనిజమునుండి వెలువడిన వాయువులో అదే పసుపు రేఖను చూచెను. సూర్యుని వాయువు అట్లు భూమిపై దొరకెను.

ఇక చలి మాట. వేడికి పైహద్దు చెప్పుట కష్టము. కాని చలికి అడుగుహద్దు కలదు. వేడి యనగా పరమాణువుల చలనమే. ఆ చలనము తగ్గుచు పోయినచో, ఇక తగ్గించుటకు వీలులేని స్థితి ఒకటి వచ్చును. అది మంచుగడ్డ కరగు ఉష్ణోగ్రతకు 273 సెంటీగ్రేడు డిగ్రీల దిగువన ఉన్నది. దానిని పరమశూన్యమందురు. అక్కడినుండి పైకి లెక్కించు పద్ధతికి కెల్విన్ మానమని పేరు. ఈ మానములో మంచు 273 డిగ్రీలవద్ద కరగును. మనము పీల్చుగాలి ఇంచుమించు 80 డిగ్రీలవద్ద ద్రవమగును. హైడ్రోజను 20 డిగ్రీలవద్ద ద్రవమగును. వాయువులన్నియు ఒకటి తరువాత ఒకటి లొంగినను, హీలియము మాత్రము చాలకాలము లొంగలేదు.

దానిని లొంగదీసినవాడు హాలెండులోని లైడెన్ విశ్వవిద్యాలయాచార్యుడు కామర్లింగ్ ఓన్స్. 1908 జూలై 10వ తేదీన తెల్లవారుజామున మొదలుపెట్టిన ప్రయోగము రాత్రివరకు సాగెను. సాయంకాలమునకు ఉష్ణమాపకము ఒక అంకెవద్ద నిలిచిపోయెను. పాత్రలో ఏమియు కనిపించలేదు. ప్రయోగము విఫలమైనదేమో అని అందరును శంకించుచుండగా, చూడవచ్చిన సహాచార్యుడొకడు, ఉష్ణమాపకము ద్రవములో మునిగియున్నందుననే కదలకుండ నిలిచినదేమో అనెను. పాత్రకు అడుగునుండి వెలుగు ప్రసరింపజేసిరి. అప్పుడు కత్తి అంచువలె తీక్ష్ణమైన ద్రవ ఉపరితలము కంటబడెను. పాత్ర అప్పటికే దాదాపు నిండియుండెను! ద్రవహీలియము 4.2 డిగ్రీలవద్ద మరుగుచుండెను.

ఓన్స్ అంతటితో ఆగలేదు. దానిని గడ్డకట్టింపవలెనని, పైనున్న ఆవిరిని పంపుతో లాగివేసి, మరింత చల్లబరచెను. అది గడ్డకట్టలేదు. ఆనాడు ఆయన చేరిన ఉష్ణోగ్రత రెండు డిగ్రీలకు దిగువన ఉండెనని అంచనా. అనగా, మనము నేడు చెప్పుకొను వింతద్రవము ఆ మొదటి రాత్రియే ఆయన పాత్రలో ఉండి యుండవలెను. ఆయన కోరినది గడ్డకట్టిన హీలియము. కావున ఆయన దృష్టి దానిపైననే నిలిచెను. ఆయన ప్రయోగములకు 1913లో నోబెల్ బహుమానము లభించెను. హీలియము గడ్డకట్టుట మాత్రము ఆయన జీవించియుండగా జరుగలేదు. 1926లో ఆయన శిష్యుడు కీసమ్, దాదాపు 25 వాతావరణముల పీడనమును ప్రయోగించి ఆ పని సాధించెను.

తరువాతి సంవత్సరములలో లైడెన్ లోని పరిశోధకులు మరికొన్ని చిహ్నములు గమనించిరి. 2.2 డిగ్రీల సమీపమున ద్రవముయొక్క సాంద్రత గరిష్ఠమగుచున్నది. అక్కడనే దానిని వేడిచేయుటకు కావలసిన ఉష్ణము ఒక్కసారిగా పెరిగి పడిపోవుచున్నది. కీసమ్ ఆ గీతను కాగితముపై గీయగా, అది గ్రీకు అక్షరమైన లాంబ్డాను పోలియుండెను. అందువలన ఆ ఉష్ణోగ్రతకు లాంబ్డా బిందువను పేరు వచ్చెను. దానికి పైనున్న ద్రవమునకు మొదటి హీలియమనియు, దిగువనున్నదానికి రెండవ హీలియమనియు వ్యవహారము ఏర్పడెను.

ఈ చిహ్నములన్నియు కొలతలలో దొరకినవి. కంటికి కనిపించు చిహ్నము మరియొకటి ఉండెను. ద్రవహీలియమునుండి ఆవిరిని పంపుతో లాగుచున్నప్పుడు అది బుడగలతో కుతకుత మరుగుచుండును. లాంబ్డా బిందువు రాగానే ఆ మరుగు ఒక్క క్షణములో ఆగిపోవును. ద్రవము అద్దమువలె నిశ్చలమగును. 1932లో కెనడాలోని టొరాంటో నగరమున మెక్లెనన్ అను ఆచార్యుడు ఈ మార్పును గూర్చి ప్రకటించెను. ఎన్నో సంవత్సరములనుండి ఎందరి యెదుటనో జరుగుచున్న సంగతియే అది. ఏల అట్లు జరుగుచున్నదని నిలదీసి అడుగుటకు మరికొన్ని సంవత్సరములు పట్టెను. బుడగ పుట్టవలెననిన ద్రవములో ఒకచోట వేడి కొంచెము నిలువవలెను. రెండవ హీలియములో వేడి నిలువదు. రాగికంటె ఎన్నో రెట్లు వేగముగా ద్రవమంతట పరచుకొనును. కావున ఆవిరి ఉపరితలమునుండి మాత్రమే లేచును.

వేడిని ఇంత సులువుగా మోయు ద్రవము ఎంత సులువుగా పారునో చూడవలెనను ఆలోచన రెండుచోట్ల కలిగెను. ఒకటి మాస్కో, మరియొకటి కేంబ్రిడ్జి. ఈ రెంటికిని నడుమ ఒక మనుష్యుని కథ ఉన్నది. పీటర్ కపిత్జా రష్యనుడు. కేంబ్రిడ్జిలో రూథర్‌ఫర్డునకు ప్రియశిష్యుడు. ఆయన పరిశోధనల కొరకే 1933లో అక్కడ మాండ్ ప్రయోగశాలను తెరచిరి. 1934లో ఆయన స్వదేశమును చూడబోగా, సోవియట్ ప్రభుత్వము తిరిగి వెళ్ళనీయలేదు. మాస్కోలోనే ఆయనకొక పరిశోధనాలయమును కట్టించి, కేంబ్రిడ్జినుండి ఆయన పరికరములను కొని తెప్పించిరి.

అక్కడ కపిత్జా, అద్దమువలె నునుపు చేసిన రెండు గాజుబిళ్ళలను మిల్లీమీటరులో రెండువేలవ వంతు ఎడముతో ఎదురెదురుగా ఉంచి, ఆ సందుగుండ ద్రవహీలియమును పోనిచ్చెను. మొదటి హీలియము కష్టముమీద పోయెను. లాంబ్డా బిందువు దాటగానే సులువుగా జారిపోయెను. రెండవ హీలియముయొక్క స్నిగ్ధత మొదటిదానిలో 1500వ వంతుకంటె తక్కువయని ఆయన లెక్కించెను. విద్యుత్తు అడ్డులేకుండ ప్రవహించు లోహములను అతివాహకములనునట్లు, దీనికి అతిద్రవమను అర్థము వచ్చునట్లు పేరు పెట్టెను.

అదే సమయమున కేంబ్రిడ్జిలో, కపిత్జాకై కట్టిన ఆ మాండ్ ప్రయోగశాలలోనే, అలెన్, మైసెనర్ అను ఇద్దరు కెనడా యువకులు సన్నని గాజునాళికలలో ఈ ద్రవమును పారించిరి. నాళిక సన్నమైనను, పీడనము మారినను, ప్రవాహవేగము ఇంచుమించు మారకుండెను. నేను పరీక్షలో వ్రాసిన సూత్రమునకు అక్కడ తావులేకపోయెను. మాస్కోనుండి ఒకటి, కేంబ్రిడ్జినుండి ఒకటి, రెండు లేఖలును 1938 జనవరి 8వ తేదీన నేచర్ పత్రికలో ఒకదాని వెంట ఒకటి అచ్చుపడెను.

నాటినుండి వింతలు వరుసగా బయటపడినవి. ఖాళీ గాజుగిన్నెను రెండవ హీలియములో సగమువరకు ముంచి పట్టుకొన్నచో, ద్రవము గిన్నె వెలుపలి గోడను ఎగబ్రాకి, అంచు దాటి, లోపలికి దిగి, రెండు మట్టములును సమమగువరకు నింపును. గిన్నెను పైకెత్తి పట్టినచో, లోపలి ద్రవము మరల అదే త్రోవను ఎక్కి దిగి, గిన్నె అడుగున బొట్లుబొట్లుగా రాలి, గిన్నెను ఖాళీ చేయును. గోడపై ఏర్పడు పొర మిల్లీమీటరులో ముప్పదివేలవ వంతు మందము మాత్రమే. అట్టి పొర నీటికిని నూనెకును ఏర్పడవచ్చును. కాని స్నిగ్ధత వానిని అంత సన్ననిపొరలో కదలనీయదు. ఈ ద్రవమునకు ఆ అడ్డు లేదు.

మరియొక వింత. అలెన్ ఒక గాజుగొట్టములో సానపట్టుటకు వాడు సన్ననిపొడిని కూరి, ద్రవములో నిలిపియుంచెను. లోపల ఏమున్నదో చూచుటకై చేతిలోని టార్చిలైటును దానిపై వేసెను. వెంటనే గొట్టము పైకొననుండి ద్రవము ఫౌంటెనువలె చిమ్మెను. టార్చిలైటు వేడి అంత పని చేసెను! పొడికణముల సందులగుండ ఈ ద్రవము చల్లనిచోటినుండి వెచ్చనిచోటికి పరుగెత్తును. 1908లో అడుగునుండి వేసిన వెలుగు ద్రవమును చూపెను. 1938లో ప్రక్కనుండి వేసిన వెలుగు దాని స్వభావమును చూపెను.

దీనికంతటికి కారణమేమి? సమాధానమునకు తొలి ఆధారము మన భారతదేశమునుండి పోయినదే. 1924లో ఢాకా విశ్వవిద్యాలయమున ఉపన్యాసకుడైన సత్యేంద్రనాథ్ బోస్, కాంతికణములను లెక్కించుటకు ఒక క్రొత్తపద్ధతిని కనుగొని, తన వ్యాసమును ఐన్‌స్టైనునకు పంపెను. ఐన్‌స్టైన్ దానిని స్వయముగా జర్మనుభాషలోనికి మార్చి ప్రకటింపజేసి, ఆ పద్ధతిని పరమాణువులకును వర్తింపజేసెను. ఉష్ణోగ్రత చాలినంత తగ్గినచో పరమాణువులలో పెద్దభాగము ఒకే స్థితిలోనికి వచ్చి చేరునని లెక్కలో తేలెను. లోకమున అట్టిది నిజముగా జరుగునని చాలమంది నమ్మలేదు. 1938లో ప్యారిస్ నగరమున ప్రవాసియై యున్న ఫ్రిట్జ్ లండన్, ఆ లెక్కను హీలియమునకు అన్వయించెను. 3.1 డిగ్రీలు వచ్చెను. నిజమైన లాంబ్డా బిందువు 2.17 డిగ్రీలు. హీలియము పరమాణువులు ఒకదానినొకటి తాకుచుండును గనుక, ఈ వ్యత్యాసము పెద్దది కాదు.

దీని భావమును ఇట్లు ఊహింపవచ్చును. తిరునాళ్ళలో జనమంతయు తలయొక దిక్కునకు నడుచుచు, ఒకరినొకరు త్రోసికొనుచుందురు. అది సామాన్యద్రవము. అదే తిరునాళ్ళలో కోలాటము వేయు బృందమున్నది. అందరి అడుగును ఒకే తాళమున పడును. ఎవరును విడిగా నడువరు. లాంబ్డా బిందువునకు దిగువన హీలియము పరమాణువులు ఇట్లు ఒకే తాళమునకు వచ్చును.

అయినను ఒకే తాళము మాత్రము చాలదు. గోడ ఆ ప్రవాహమును ఏల ఆపలేదు? దీనికి సమాధానము చెప్పినవాడు లెవ్ లాండౌ. ఆయన చెప్పినదానిని ఒక సంతతో పోల్చుదును. ఆ సంతలో రూపాయికి తక్కువ నాణెము చెల్లదనుకొందము. చేతిలో అర్ధరూపాయి మాత్రమే ఉన్నవాడు ఏమియు కొనలేడు. కనుక అతని సొమ్ము ఖర్చు కాదు. అట్లే, ప్రవహించు ద్రవము వేగమును కోల్పోవలెననిన, తనలో ఒక చిన్న కలతనైన పుట్టింపవలెను. ఆ కలతకు కనీస మూల్యమొకటి కలదు. ప్రవాహవేగము ఒక హద్దులో ఉన్నంతవరకు ఆ మూల్యము చాలదు. కావున వేగము తగ్గదు. హద్దు దాటినప్పుడు మాత్రము అతిద్రవమునకును ఘర్షణ కలుగును.

ఈ సిద్ధాంతము మనకు దక్కుటయే ఒక అదృష్టము. 1938 ఏప్రిల్ 28వ తేదీన లాండౌ మాస్కోలో నిర్బంధింపబడెను. అవి స్టాలిన్ పాలనలో ఎందరో విద్వాంసులు చెరసాలలకు పోయి తిరిగిరాని దినములు. కపిత్జా ఆనాడే స్టాలినునకు లేఖ వ్రాసెను. ఫలితము లేదు. సంవత్సరము గడచెను. లాండౌ చిక్కి శల్యమయ్యెను. 1939 ఏప్రిలులో కపిత్జా మోలొటోవునకు మరల వ్రాసెను. ద్రవహీలియమును గూర్చి తాను కనుగొన్న విషయములు అర్థము కావలెననిన సిద్ధాంతపండితుని సాయము కావలెననియు, అందుకు తగినవాడు లాండౌ యనియు విన్నవించెను. స్వయముగా పూచీకత్తు వ్రాసి యిచ్చి, ఆ నెలలోనే ఆయనను విడిపించుకొనెను. రెండు సంవత్సరములకు, 1941లో, లాండౌ అతిద్రవ సిద్ధాంతమును ప్రకటించెను. ఒక విచిత్రద్రవము ఒక ప్రాణమునకు పూచీపడినది; ఆ ప్రాణము దాని మర్మమును విప్పినది.

అంతకుముందే, 1938లో, ప్యారిస్ లో నున్న టిస్సా, రెండవ హీలియము ఒకే ద్రవమువలె కనిపించినను రెండు ద్రవముల కలయికవలె ప్రవర్తించునని సూచించెను. ఒక భాగము సామాన్యము, మరియొకటి అతిద్రవము. ఉష్ణోగ్రత తగ్గినకొలది మొదటి భాగము క్షీణించి రెండవది పెరుగును. లాండౌ వేరొక మార్గమున ఇదే చిత్రమునకు వచ్చెను. దీనిని పరీక్షించుటకు 1946లో ఆండ్రొనికాష్విలి, సన్నని రేకుబిళ్ళలను చాల తక్కువ ఎడముతో ఒకదానిపై ఒకటి పేర్చి, తీగకు వ్రేలాడగట్టి, ద్రవములో అటునిటు త్రిప్పెను. లాంబ్డా బిందువునకు పైన, బిళ్ళల నడుమనున్న ద్రవమంతయు వానితోడ తిరిగెను. దిగువకు పోయినకొలది తిరుగు భాగము తగ్గి, ఒక డిగ్రీ సమీపమున ఇంచుమించు లేకపోయెను. మిగిలిన ద్రవము బిళ్ళల నడుమ ఉండియు వానిని ఎరుగనట్లు నిశ్చలముగా నిలిచెను.

లాండౌకు 1962లోను, కపిత్జాకు 1978లోను నోబెల్ బహుమానములు లభించెను. అలెన్, మైసెనర్లకు లభించలేదు. బహుమానముల పట్టికను మాత్రమే చూచువారికి వారి పేర్లు కనిపించవు. వారి లేఖ 1938 జనవరి సంచికలో ఉన్నది. అతిద్రవమును గూర్చి చెప్పుకొనునప్పుడు కపిత్జాతోపాటు వారిని స్మరించుట న్యాయము.

కథ అక్కడ ముగియలేదు. హీలియములో మూడవ సంఖ్యగల తేలికరకము ఒకటి కలదు. దాని పరమాణువులు బోస్ లెక్కకు లోబడవు. అయినను 1972లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున, పరమశూన్యమునకు డిగ్రీలో వేయింట మూడు వంతులు కూడ లేని ఎత్తున, అదియు అతిద్రవమగునని కనుగొనిరి. అక్కడ పరమాణువులు జంటలుగా కూడి ఆ పని చేయును. 1995లో లోహవాయువులను మరింత చల్లబరచి, బోస్, ఐన్‌స్టైనులు ఊహించిన స్థితిని నేరుగా సృష్టించిరి. ఢాకానుండి లేఖ వెళ్ళి అప్పటికి 71 సంవత్సరములు. బోస్ 1974లోనే దివంగతుడయ్యెను.

ఇక దీని ఉపయోగము. స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశముల సరిహద్దున భూగర్భములో 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల కణత్వరణ యంత్రము 2008లో మొదలుపెట్టబడెను. దాని అయస్కాంతములు పనిచేయుటకు 1.9 డిగ్రీల చలి కావలెను. అది నక్షత్రముల నడుమనున్న శూన్యాకాశముకంటెను చల్లన. ఆ చలిని నిలుపునది నూరు టన్నులకు పైబడిన హీలియము. అయస్కాంతపు తీగల నడుమనున్న సందులలోనికి దూరి, పుట్టిన వేడిని పుట్టినచోటనే గ్రహించి మోసికొనిపోగల ద్రవము మరియొకటి లేదు. 1932లో మరుగు ఆగిపోవుటకు కారణమైన గుణమే నేడు ఆ మహాయంత్రమును కాపాడుచున్నది.

శ్రోతలారా, ఆ మరుగు ఆగుటను తలచినప్పుడెల్ల నాకు నా కళాశాల ప్రయోగము జ్ఞప్తికి వచ్చును. మేము తూచిన నీటికిని, పుస్తకములోని అంకెకును కొంత తేడా వచ్చినచో, తప్పు మాదేయని లెక్కను దిద్దుకొనెడివారము. చాలసార్లు తప్పు మాదే. కాని లైడెన్ లోను, టొరాంటోలోను గాజుపాత్రలో బుడగలు ఆగిపోయినప్పుడు తప్పు ఎవరిదియు కాదు. అది ప్రకృతి పంపిన వార్త. దానిని చదువుటకు ముప్పది సంవత్సరములు పట్టెను. నేడు మన కళాశాలలలో ప్రయోగము చేయు బాలబాలికలలో ఎవరికైన లెక్కకు లొంగని అంకె వచ్చినచో, దానిని దిద్దివేయుటకు ముందు ఒక్కసారి మరల ఆ ప్రయోగమును చేసి చూడవలెనని నా మనవి.